కుప్పమక్క, కిటికీ మూల ప్రింటరు

పోయిన వారం మదనపల్లెలో మా ఆఫీసు ప్రింటరు అక్షరాలు పలచబడ్డాయి. పేజీ నడుమ తెల్లటి చార ఒకటి పైనుంచి కింది దాకా దిగుతోంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి టోనర్ డబ్బా బయటికి తీసి, మందుసీసాను కుదిపినట్లు పైకీ కిందికీ కుదపబోయింది. నేను లేచి వెళ్ళి ఆ డబ్బా అందుకున్నాను. రెండు చేతులతో అడ్డంగా పట్టుకుని, చేటలో రాగులు చెరిగేటప్పుడు పక్కలకు ఆడిస్తారే, అట్లా మెల్లగా ఆడించాను. లోపల పొడి ఇటునుంచి అటు జారిన చప్పుడు సన్నగా వినిపించింది. మళ్ళీ లోపల పెట్టి మూత వేస్తే అక్షరాలు నల్లగా వచ్చాయి.

ఇది ఎవరు నేర్పించారు సార్ అని అడిగింది ఆ అమ్మాయి. కుప్పమక్క అన్నాను. ఆమె ఎవరంటే, పుంగనూరులో నాతోపాటు పనిచేసిన ఆవిడ అని చెప్పి నా కుర్చీకి వచ్చేశాను. ఇంకా చెప్పాలంటే ఆ మధ్యాహ్నం చాలదు. కుప్పమక్క ఈ ఎండాకాలంలో పోయింది. కర్మాంతరం కూడా అయిపోయాక గానీ నాకు కబురు తెలియలేదు.

ఆమెకు వేరే పేరుంది. హాజరు పట్టీలో తప్ప ఆ పేరు వాడగా నేను చూడలేదు. ఊరు కుప్పం అవతల, రామకుప్పం పక్క, అడవి అంచున ఒక పల్లె. ఏ మాట మొదలుపెట్టినా దాన్ని కుప్పం దాకా తీసుకుపోయి వదిలేది. పుంగనూరులో మబ్బు పడితే, ఇది ఈడ కురిసే మబ్బు కాదు, మా పక్కకు పోతాందని చెప్పేది. టీ నీళ్ళగా ఉంటే కుప్పం బస్టాండులో టీ తాగినవాళ్ళకు తెలుస్తుంది అనేది. అందుకని పెద్దవాళ్ళకు కుప్పమమ్మ అయింది, మాకు కుప్పమక్క.

పొట్టి మనిషి. రెండు పక్కలా ముక్కుపుడకలు. నడిచేటప్పుడు వెనకనుంచి ఎవరో పిలుస్తారేమోనన్నట్లు మెడ కొంచెం పక్కకు తిప్పి నడిచేది. ఆ నడక ఆమెకు పుట్టుకతో వచ్చిందో ఆఫీసులో వచ్చిందో నాకు తెలియదు.

నేను జూనియర్ అసిస్టెంటుగా పుంగనూరులో చేరేసరికి ఆమె అక్కడ సీనియర్. భర్త పల్లెలో సేద్యం చేసేవాడు. పిల్లలు లేరు. పుంగనూరులో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేది. శనివారం ఆఫీసు వదలగానే పలమనేరు, వి.కోట మీదుగా బస్సులు మారుకుంటూ ఇంటికి పోవడం, సోమవారం మొదటి బస్సుకు బయలుదేరి సంచితోనే నేరుగా ఆఫీసుకు రావడం. ఆ సంచిలో ఏ కాలానికి తగినవి ఆ కాలంలో ఉండేవి. అనపకాయల రోజుల్లో హాలంతా అనపకాయల వాసనే.

ఆమె జీవితం మలుపు తిరిగింది లేజర్ ప్రింటరు వచ్చిన దినం. మా హాలుకంతా కలిపి ఒకటే వచ్చింది. దాన్ని బిగించడానికి మదనపల్లె నుంచి ఒక టెక్నీషియన్ వచ్చాడు. అందరి కంప్యూటర్లూ తెరిచి చూసి పెదవి విరిచాడు. ఉన్నవాటిలో కాస్త కొత్తది కుప్పమక్కది. అందుకని ప్రింటరు వైరు తెచ్చి ఆమె కంప్యూటరుకు గుచ్చాడు. మిగతా వాళ్ళంతా ఆమె కంప్యూటరు ద్వారా ప్రింటు ఇచ్చుకునేట్లు నెట్‌వర్కులో షేరింగ్ పెట్టాడు. ఇది ప్రస్తుతానికి చేసిన ఏర్పాటు, ఎవరికి వాళ్ళు నేరుగా ఇచ్చుకునేట్లు వచ్చేసారి చేస్తానని చెప్పిపోయాడు. అతను మళ్ళీ రాలేదు.

షేరింగ్ అంటే మొదట మాకు పెద్దగా అర్థం కాలేదు. కొద్ది దినాల్లో అందరికంటే ముందు ఆమెకే అర్థమైంది. ఆమె కంప్యూటరు వెలుగుతుంటేనే మా ప్రింట్లు వస్తాయి. ఆమె దాన్ని ఆపితే హాలు నలుమూలల నుంచీ ఆఫ్‌లైన్, ఆఫ్‌లైన్ అని కేకలు. ఎవరో ఇచ్చిన ప్రింటు మధ్యలో ఇరుక్కుంటే, దాని వెనక అందరివీ నిలబడిపోతాయి. ఆ వరస తీసేయాలంటే ఆమె కంప్యూటరు తెరవాలి, దానికి ఆమె పాస్‌వర్డ్ కావాలి. ఆ పాస్‌వర్డుతోనే బిల్లుల మంజూరు కూడా తెరుచుకుంటుంది కాబట్టి ఎవరికీ ఇవ్వకూడదని ఆఫీసరు ఆజ్ఞ. ఇది ఇట్లా ఉండగా ఎవరో తొందరపడి ప్రింటరు వెనక మూత విరగ్గొట్టారు. ఇకమీదట కుప్పమమ్మ తప్ప ఎవరూ దాన్ని ముట్టకూడదని ఆఫీసరు హాల్లో నిలబడి చెప్పాడు. ఆ మాటతో ముడి బిగుసుకుంది.

ఆమె కూర్చునే చోటు కిటికీ మూల. వెనక గోడ. కుడిపక్క ఊచల కిటికీ. ముందర బల్ల. ఎడమపక్క ఉన్న ఖాళీలో ప్రింటరు స్టాండు పెట్టారు, వైరు అంతకంటే దూరం అందలేదు. దాంతో ఆమె బయటికి రావాలంటే కుర్చీ వెనక్కి తోసి, కడుపు లోపలికి బిగబట్టి, స్టాండుకూ బల్లకూ మధ్యన అడ్డంగా జారి రావాలి. రాను రాను లేవడమే తగ్గించుకుంది. టీ ఆమె దగ్గరికే వచ్చేది. అన్నం క్యారియరు బల్ల మీదనే తెరిచేది.

చేసే పనిని మాత్రం ఇష్టంగా చేసేది. వానాకాలంలో కాగితాలు చెమ్మకు ఒకదానికొకటి అంటుకుంటాయని కట్టను యూపీఎస్ డబ్బా మీద వెచ్చగా పెట్టేది. ట్రేలో పెట్టే ముందు ఆ కట్టను కొత్త పేకముక్కల్లా సర్రున విప్పి, తట్టి, అంచులు సరిచేసేది. కాగితం ఇరుక్కున్నప్పుడు గాజులు మోచేతి దాకా పైకి తోసుకునేది. ఆ గలగల వినబడితే తలెత్తకుండానే మాకందరికీ తెలిసేది, ఇరుక్కుందని. ప్రింటరు లోపలికి చెయ్యి పెట్టినప్పుడు కళ్ళు మాత్రం కిటికీ బయట ఉండేవి. చేతికి పొడి అంటితే వేణ్ణీళ్ళతో కడిగితే పట్టుకుంటుందని చన్నీళ్ళతోనే కడిగేది. ఎంత కడిగినా గోళ్ళ అంచుల్లో నలుపు ఉండనే ఉండేది. ఎవరి పేజీ వచ్చినా బోర్లించి ఇచ్చేది. ఎవరి రాత వాళ్ళు చదువుకోవల్ల అనేది.

ప్రింటరును ఎనుము అనేది. ఎందుకంటే ఆమె అత్తగారింట్లో ఒక ఎనుము ఉండేదట. ఆ అత్తగారి చేతికి తప్ప ఎవరికీ పాలు చేపదు. దానివల్ల ఆ పెద్దావిడ ఏ పెళ్ళికీ పోలేదు. ఒకసారి సొంత చెల్లెలి కూతురి పెళ్ళికి పోవాలని, తన చీర కోడలికి కట్టించి, చీకట్లో ఎనుముకు తెలియదులెమ్మని చెప్పి బయలుదేరింది. ఆ కోడలు మన కుప్పమక్కే. ఎనుము ఒకసారి వాసన చూసి, పాలచెంబును పెరట్లోకి తన్నింది. అత్తగారు బస్టాండు నుంచి వెనక్కి వచ్చేసింది. ఈ కథ చెప్పి ఆమె పడీపడీ నవ్వేది. ఈ మిషన్‌ను చీర మార్చి మోసం చేసే దారి కూడా లేదు గదప్పా అనేది.

ఆదివారాలు కూడా ఫోను తప్పేది కాదు. తనిఖీ దగ్గరపడితే ఆమె శనివారం కంప్యూటరు ఆపకుండా వదిలిపోయేది, మేము ఆదివారం వచ్చేవాళ్ళం. ఆమె పల్లెలో చేను గట్టు మీద నిలబడి, సిగ్నల్ కోసం ఒక చెట్టు కిందినుంచి ఇంకో చెట్టు కిందికి నడుస్తూ, పచ్చ లైటు ఎలుగుతాందా, నారింజదా అని అడిగేది. వెనక ఆమె భర్త గొంతు వినిపించేది. నారింజదేనంట, నారింజదేనంట అని మేకలతో చెప్పేవాడు.

అయితే ఒక సంగతి నాకు అప్పట్లో అంతుపట్టలేదు. అక్కా, ఇది నాకు కాస్త నేర్పించు, నువ్వు లేని దినం నేను చూసుకుంటాను అని నేనెప్పుడు అడిగినా ఆమె నన్ను దగ్గరికి రానిచ్చేది కాదు. నీకు యాల ఈ పీడ, నువ్వు దీని జోలికి రావద్దప్పా అని తోలేసేది. నా మీద జాలితోనే అంటున్నదనుకున్నాను. తర్వాత తర్వాత గమనించాను. ప్రింటరు రాకముందు ఆఫీసరు ఆమె బల్ల దాకా వచ్చిన దినం లేదు. ఇప్పుడు ఆయనే వచ్చి స్టాండు పక్కన చేతులు కట్టుకుని నిలబడుతున్నాడు. పనుల మీద వచ్చే పెద్దమనుషులు కూడా ముందు కిటికీ మూలకు వచ్చి నమస్కారం పెడుతున్నారు. చచ్చిపోతాండా నాయనా దీంతో అని ఆమె అనే మాట నిజమే. ఆ మాట అనేటప్పుడు ముఖంలో వచ్చే కళ కూడా నిజమే.

ఆఫీసరు చెడ్డవాడు కాదు. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. సెలవు అడిగితే లేదనేవాడు కాదు. నువ్వు లేకపోతే ఈ ఆఫీసుకు చెయ్యి విరిగినట్లేనమ్మా అనేవాడు. అంతే. ఆమె సెలవు కాగితం వెనక్కి తీసుకునేది.

ఆ ఏడాది వానలు బాగా పడి రాగి ఏపుగా వచ్చింది. కోతల ముందర ఏనుగులు అడవి దిగడం ఆ పక్క మామూలే. ఆమె భర్త, చుట్టుపక్కల రైతులు మంచెల మీద కాపలా పడుకుంటున్నారని ప్రతి సోమవారం చెప్పేది. మా మంచె మీద ఆయనొక్కడే ఉంటాడు, ఏనుగుల్ని తోలను అరిస్తే తోడు అరిసే గొంతు లేదు అని బాధపడేది.

ఆ దినం జిల్లా తనిఖీ పట్టికలు మదనపల్లెకు పోవాలి. జీపు వాకిట్లో కాచుకుని ఉంది. పొద్దున టీ వేళకు ఆమెకు మరిది నుంచి ఫోను వచ్చింది. తెల్లవారుజామున ఏనుగులు చేలో పడ్డాయట. తరమడానికి దిగిన ఆయన చీకట్లో రాతి కట్ట మీదనుంచి పడ్డాడట. తొడ ఎముక విరిగింది, కుప్పం ఆసుపత్రికి తీసుకుపోతున్నారు.

ఆమె లేచి ఆఫీసరు గదిలోకి పోయింది. ఆయన అయ్యో అన్నాడు. వెంటనే పోవాలమ్మా అన్నాడు. తర్వాత వాకిట్లో జీపు వైపు చూసి, ఆ పట్టికలు ఒక్కటి వచ్చేస్తే చాలు, దారిలో ఇంకేం తొందర లేకుండా పోవచ్చు అన్నాడు. ఆమె తల ఊపి వచ్చింది.

"నువ్వు పోక్కా. నేను సూసుకుంటా" అన్నాను.

నన్ను చూసింది. సరేనని సంచి భుజానికి తగిలించుకుంది. స్టాండు పక్కనుంచి జారి బయటికి వచ్చింది. హాలు దాటి తలుపు దాకా పోయింది. అప్పుడే వెనక ప్రింటరు కీచుమని రుబ్బినట్లు చప్పుడు చేసి ఆగింది. నారింజ లైటు వెలిగింది. ఎవరూ ఆమెను పిలవలేదు. ఇది నాకు బాగా జ్ఞాపకం. ఎవరో తమలో తాము, ఇరుక్కున్నట్టుండాదే అని మాత్రం అన్నారు. ఆమె ఆగింది. మెడ ఎలాగూ పక్కకు తిరిగే ఉంది. మిగతా మనిషి కూడా తిరిగింది.

"ఒక్క నిమిసం. తీసిచ్చి పోతా" అంది.

గాజులు పైకి తోసుకుంది. కాగితం లోపలి వేడి రోలరుకు చుట్టుకుపోయింది. లాగితే చిరిగింది. ఒక ముక్క తీస్తే ఇంకో ముక్క కనిపించేది. తీసి మూత వేసి నడిపిస్తే మళ్ళీ కొన్ని పేజీలకే ఆగేది. నేను అటు పక్క నిలబడి, నన్నొకసారి చూడనియ్యి అక్కా అంటూనే ఉన్నాను. ఆమెకు వినబడినట్లు లేదు. బల్ల మీద ఆమె ఫోను మోగింది. రెండు చేతులూ మోచేతుల దాకా నలుపు. నేనే ఫోను తీసి ఆమె చెవి దగ్గర పట్టుకున్నాను. అవతల మరిది గట్టిగా మాట్లాడుతున్నాడు, నాకూ వినిపిస్తోంది. వదినా, యాడుండావు, అన్న అడగతాండాడు అని.

"బస్సులో ఉండా" అంది ఆమె. ప్రింటరు లోపల చెయ్యి పెట్టి, కిటికీ బయటికి చూస్తూ అంది. "వస్తాండా. పలమనేరు దాటినా."

జీపు బయలుదేరేసరికి ఎండ వాలింది. ఆమె చేతులు కడుక్కోకుండానే సంచి తీసుకుని బస్టాండుకు పరుగెత్తింది. కుప్పం చేరేసరికి ఆయన అక్కడ లేడు. కుప్పంలో కుదరదని ఆపరేషనుకు పెద్ద ఊరికి తీసుకుపోయారు. సంతకం మరిది పెట్టాడు. ఆమె మళ్ళీ బస్సెక్కి మరునాడు గానీ భర్తను చూడలేదు. ఆయన ప్రాణానికి ముప్పు తప్పింది. ఒక కాలు మాత్రం కురచయింది.

సెలవు తర్వాత తిరిగి వచ్చి ఆమె చాలా దినాలు కుప్పం మాట ఎత్తలేదు. మబ్బు పడినా చూడలేదు. ఒక మధ్యాహ్నం క్యారియరు తెరిచి ముందర పెట్టుకుని, తినకుండా, నాతో అంది. ఆయన మంచం మీద పడుకుని ఆమెను చూసి ఒక్కటే మాట అన్నాడట.

"పనుంటే నువ్వేం జేస్తావులే అన్న్యాడప్పా. తిట్టుంటే బాగుండు. తిట్టలేదు."

ఆ తర్వాత ఆమె రెండు పనులు మొదలుపెట్టింది. ఒకటి, బదిలీ అడగడం. కుప్పంలో మా శాఖ ఆఫీసు ఉంది, అక్కడికి పంపమంది. ఆఫీసరు ఎప్పటి మాదిరే మెత్తగా నవ్వి, నిన్ను పంపితే నన్ను పంపినట్లేనమ్మా, నీలాంటి మనిషి ఎక్కడ దొరుకుతుంది అన్నాడు. పక్కనే ఫైలు పట్టుకుని నిలబడి ఉన్నాను, ఆమె జవాబు నేను విన్నాను.

"నన్ను పొగడద్దండి సార్" అంది. "పంపించండి."

ఆయన ముఖంలో నవ్వు ఎట్లా ఉందో అట్లే ఉండిపోయింది, ఏం చెయ్యాలో దానికి తెలియనట్లు.

రెండో పని, నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవడం. ఇన్నాళ్ళు తోలేసిన మనిషి ఇప్పుడు తనే పిలిచి మూత తెరిచి చూపించింది. టోనర్ ఎట్లా పట్టుకోవాలో, ఎట్లా ఆడించాలో చెప్పింది. ఇరుక్కున్న కాగితం అది పోయే దిక్కుకే లాగాలి, ఎదురు లాగితే చిరుగుతుంది అంది. వరసలో ముందున్నది ఒక్కటి ఇరుక్కుంటే వెనకున్నవాళ్ళంతా నిలబడిపోతారు, ఆ ఒక్కదాన్ని తీసేస్తే చాలు అంది. ఆమె చెప్పే తీరు నేర్పినట్లు ఉండేది కాదు. బరువు మోసి మోసి, ఇంకొకరి నెత్తిన పెట్టేటప్పుడు చుట్టకుదురు సరిచేస్తారే, అట్లా ఉండేది.

ఆ రోజుల్లోనే నాకు కొత్త కంప్యూటరు వచ్చింది. ఒక పొద్దున నేను పోయేసరికి ఆమె నా బల్ల దగ్గర నిలబడి ఉంది.

"ఇది నీ దానికి మారుస్తామనుకుంటాండా. నేను పోతే నీకు సుట్టుకుంటాది. ఇష్టం లేకుంటే ఇప్పుడే సెప్పు. తప్పేం లేదు."

నాది పుంగనూరే. ఇల్లు ఆఫీసుకు నడిచిపోయే దూరం. నేనెక్కడికి పోవాలక్కా, మార్చు అన్నాను.

"అందరం మొదట అట్లనే అనుకుంటాం నాయనా" అంది.

చీరకుచ్చెళ్ళు దోపుకుని బల్ల కిందికి దూరి వైరు పీకింది. ఆఫీసు తెరిచే సమయానికి స్టాండు నా పక్కకు వచ్చింది. కిటికీ మూలలో నేల మీద స్టాండు కాళ్ళ గుర్తులు నాలుగు మిగిలాయి. ఆఫీసరు వచ్చి ఆ ఖాళీని చూశాడు, నా వైపు చూశాడు, మంచిదమ్మా అన్నాడు. ఇక ఆమెను ఆపడానికి ఆయన దగ్గర మాట లేదు. తర్వాత వచ్చిన బదిలీల్లో ఆమెకు కుప్పం వచ్చింది. పోయే దినం హాల్లో అందరికీ మైసూరుపాకు పంచింది. ప్రింటరు పక్కకు వచ్చి దాని మీద చెయ్యి వేస్తుందేమో అనుకున్నాను. దాని వైపు చూడకుండానే పోయింది.

నాకు షేరింగ్ అంటే అప్పుడు తెలిసింది. కాఫీకి లేచినా వెనక్కి తిరిగి చూసుకోవడం నాకూ వచ్చింది. మా మామ ఇంట్లో శుభకార్యానికి పోయి, తాంబూలం తీసుకోకుండానే ఫోను చెవికి పెట్టుకుని బయటికి వచ్చేశాను. నాకు లోపల కోపంగా ఉండేది, ఎవరి మీదో తెలిసేది కాదు.

అట్లా ఉండగా ఒకసారి పని మీద కుప్పం ఆఫీసుకు పోయాను. నేను ఆమెను కళ్ళారా చూసిన ఆఖరి దినం అదే. తర్వాత పుంగనూరుకు ఏ కంప్యూటరుతోనూ పనిలేకుండా నడిచే ప్రింటరు రావడం, నేను మదనపల్లెకు మారడం, ఆమె పదవీ విరమణ, అన్నీ మామూలుగా జరిగిపోయాయి. ఆమె పోయింది కూడా తన ఇంట్లోనే, కొన్నాళ్ళు జ్వరపడి, భర్త పక్కన ఉండగా అని విన్నాను. అందుకని నేను చెప్పదలచుకున్నది ఆ కుప్పం దినం గురించే.

అక్కడి హాలు మా హాలు కంటే చిన్నది. ఆమె బల్ల తలుపు పక్కన. చుట్టూ ఖాళీ. కొంచెం ఒళ్ళు చేసింది. నన్ను చూసి, ఏమప్పా, ఈడికి వచ్చేదానికి ఇన్నాళ్ళు పట్టిందా అని, తన పక్కన కుర్చీ వేయించి, మజ్జిగ తెప్పించింది. అక్కడ చేరిన మొదటి దినమే ఆఫీసరు అడిగాడట, పుంగనూరులో ప్రింటరు మీరే చూసేవారట గదమ్మా అని.

"నాకు తెలీదు సార్, ఆడ ఒకాయప్ప సూసేవాడు అని సెప్పినా" అంది, కళ్ళతో నన్ను చూపించి. "అబద్ధమేం గాదు గదా. ఆఖర్న సూసింది నువ్వే."

మేము మాట్లాడుతుండగానే హాలు అవతలి చివర ప్రింటరు కీచుమని ఆగింది. ఆ చప్పుడు నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. కీబోర్డు మీద ఆమె చేతులు ఆగిపోయాయి. అక్కడ ఒక గుమాస్తా లేచి ముందర మూత తెరిచాడు, మూశాడు. ఇంకొకాయన స్విచ్చి ఆపి వేశాడు. కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ కాగితం కొస పట్టుకుని ఎదురు లాగుతోంది. చిరిగిపోతుందని నేను లేచాను. బల్ల కింద ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"గమ్మున కూసో" అంది.

కూర్చున్నాను. ఆమె అటు తిరగలేదు. నా చెయ్యి వదలలేదు. వాళ్ళు ముగ్గురు నలుగురయ్యారు. ఒకాయన వెనకపక్కకు పోయి తట్టాడు. ఎవరో ఫోను వెలుగు పట్టారు. కాగితం చిరిగిన చప్పుడు వినిపించింది. ఆమె వేళ్ళు నా మణికట్టు మీద బిగిశాయి. గోళ్ళ అంచులు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. ఆమె నుదుటి మీద చెమట పట్టింది. పుంగనూరులో రోలరులో చెయ్యి పెట్టినప్పుడు కూడా ఆ మనిషికి చెమట పట్టగా నేను చూడలేదు.

చాలాసేపటికి వెనక మూత తెరవాలని వాళ్ళలో ఒకరికి తోచింది. నలిగిన ముక్క బయటికి వచ్చింది. మూతలు వేశారు. ప్రింటరు ఒకసారి మూలిగి, పేజీలు వదలడం మొదలుపెట్టింది. వాళ్ళు ఎవరి చోట్లకు వాళ్ళు పోయారు. కళ్ళజోడావిడ చేతులు తుడుచుకుంటూ పక్కనావిడతో కూర మాట మాట్లాడుతోంది.

కుప్పమక్క నా చెయ్యి వదిలింది.

"సూస్తివా. వాళ్ళే తీసుకునిరి" అంది.

అవునక్కా అన్నాను. ఆమెకు సంతోషంగా ఉంటుందనుకున్నాను. ముఖం చూస్తే అట్లా లేదు. మజ్జిగ గ్లాసు తీసి, తాగకుండా మళ్ళీ పెట్టింది.

"ఆ పొద్దు పుంగనూరులో గూడా వాళ్ళే తీసుకునుందురు నాయనా."

నా చేతిలో ఫైలు తాడు ఊరికే విప్పి కట్టాను. ఆమె మళ్ళీ కీబోర్డు మీద చేతులు పెట్టి పని చేసుకుంది.

ఆఫీసు వదిలాక ఇద్దరం కలిసి బయటికి వచ్చాం. ఆమె తిన్నగా ముందుకు చూస్తూ నడిచింది. గేటు బయట ఆమె భర్త మోపెడ్ మీద కాచుకుని ఉన్నాడు. సన్నటి మనిషి, కురచ కాలు నేలకు అందక బండిని రాయికి ఆనించుకున్నాడు. నేనెవరో చెప్పకుండానే గుర్తుపట్టాడు. నారింజ లైటాయప్పవా అని నవ్వాడు. ఇంటికి రాప్పా, సంగటి తిని పోదువు అన్నాడు. చివరి బస్సు పోతుందని చెప్పాను. మాట కోసం, ఏనుగులు ఇంకా వస్తున్నాయా అని అడిగాను.

"రాకుండా యాడికి పోతాయి" అన్నాడాయన.

ఆమె సంచి ఒళ్ళో పెట్టుకుని, చీర సర్దుకుని వెనక ఎక్కి కూర్చుంది. ఒక చెయ్యి ఆయన భుజం మీద వేసింది.

"రానీలే" అంది నాతో. "ఇన్నాళ్ళు ఈయన ఒక్కడే అరిసె. ఇప్పుడు ఇద్దరం ఉండాం గదా, అరుస్తాం."

బండి రామకుప్పం దారి పట్టింది. కనిపించినంత మేర చూశాను. ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.